ఇక్కడ మెల్లగా

పది గంటలకి సొకొదోవెర్ చౌకులో
నా పసుపు గొడుగు విప్పుతాను. వాన లేదు.
ఇరవై ముగ్గురి కళ్ళకి
పట్టుకోడానికి ఒక కొస కావాలి కదా.
లెక్క పెడతాను. ఇరవై రెండు.
మళ్ళీ పెడతాను. ఇరవై నాలుగు.
బస్సు కోసం నిలబడ్డ పెద్దాయనెవరో
నా మందలో కలిసిపోయాడు. పోనీలెమ్మన్నాను.

తొలేదోలో చదునైన నేల అరుదు.
మూడు వైపులా తాహో నది, నాలుగో వైపు గోడ.
లోపల సందులు
పిల్లి ఆడి వదిలేసిన నూలు ఉండ.
గులకరాళ్ళ మీద కొత్త చెప్పులు జారతాయి.
చెబుతూనే ఉంటాను జారతాయని.
జారాకే నమ్ముతారు.

పద్దెనిమిదేళ్ళుగా అవే మాటలు:
ఈ గోడ కింది వరస రోమన్లది,
మధ్యది గోథులది, పైది అరబ్బులది,
ఆ పైన ఏసీ డబ్బా
పళ్ళ డాక్టరు దోన్ ఎలాదియోది.
నవ్వుతారు. నవ్వని రోజు
నాకు కాళ్ళు ముందే నొప్పెడతాయి.

ఈ మసీదు చర్చి అయింది,
ఈ సినగోగూ చర్చి అయింది.
ముగ్గురు దేవుళ్ళూ ఒకే బావి నీళ్ళు తాగారంటే
వెనకనించి ఒకావిడ: "తగువు పడలేదా?"
పడ్డారు. ఆ భాగం
నీడలోకి వెళ్ళాక చెబుతానన్నాను.

పాత పొయ్యి సందు మొదట్లో
గొడుగు ముడుస్తాను. వేలు పెదాల మీద పెడతాను.
చక్రాల పెట్టెలు ఎత్తి పట్టుకోమంటాను.
"ఇక్కడ మెల్లగా."
ఎందుకో చెప్పను.
ఏదో సమాధి అనుకుంటారు. ఎవరో టోపీ తీస్తారు.
నలభై అడుగులు. ఊపిరి, చెప్పులు,
పైన తీగ మీద దుప్పటి టపటప.
వెళ్ళేటప్పుడు చాలామంది
అన్నిటికన్నా ఆ సందే బాగుందంటారు.

మూడో నంబరు పై అంతస్తులో
రొట్టెల ఎవుతీకియో పడుకునేవాడు.
రాత్రి రెండింటికి లేచి పిండి పిసికి
తొమ్మిదింటికి ఇల్లు చేరేవాడు.
నిద్ర పట్టని రాత్రిని మా భాషలో
తొలేదో రాత్రి అంటాం.
ఆయనకి అన్నీ అవే.
మొదటి ఏడాది కిటికీలోంచి బనీనుతో వంగి
నన్నూ, నా రోమన్లనీ, గోథులనీ
కలిపి తిట్టాడు. ఏ రాజునీ వదల్లేదు.
మర్నాటినించి వేలు పెదాల మీద.
ఆ శనివారం నా తలుపు గొళ్ళేనికి
వేడి రొట్టె సంచీ. చీటీ లేదు.

ఫిబ్రవరిలో పోయాడు.
ఇప్పుడు జూన్. పండక్కి
వీధుల మీద తెల్లగుడ్డల పందిళ్ళు వేసేశారు.
నేనింకా గొడుగు ముడుస్తూనే ఉన్నాను.
ఎవరూ పోని నిద్రకి కాపలా.

ఇవాళ ఇరవయ్యో అడుగు దగ్గర
కిటికీ తెరుచుకుంది. సాతుర్నీనా.
ఇంత ఎండలో నల్ల స్వెట్టరు.
చేతిలో సగం చెక్కిన బంగాళదుంప.
"ఏమ్మా కసిల్దా, మాట్లాడవేం?
ఆయన లేస్తాడని భయమా?
పొద్దున్నించీ గోడల్నే వింటున్నాను.
ఏదో ఒకటి చెప్పు. గట్టిగా చెప్పు.
ఆ గోథులైనా సరే."

అందరూ నా వైపు తిరిగారు.
ఈ సందు గురించి నేను
ఒక్క ముక్కా తయారు చేసుకోలేదు.
ఏ శతాబ్దమో, ఏ రాజు నడిచాడో తెలీదు.
నోరు తెరిచాను:
"ఈ గుమ్మం రాయి చూడండి. ఇక్కడ అరిగింది.
ముప్ఫై ఎనిమిదేళ్ళు, రాత్రి రెండింటికి,
ఒకే కాలు ముందు పెట్టి దిగిన మనిషి..."
"ఎడమ కాలు," పైనించి దిద్దింది సాతుర్నీనా.
"కుడి మోకాలు నొప్పి."
ఒక పిల్లాడు వెళ్ళి
ఆ గుంటలో తన ఎడమ పాదం పెట్టి చూశాడు.
చాలా చోటు మిగిలింది.

సందు చివర లెక్క పెట్టాను.
ఇరవై మూడు. ఇవాళ్టికి మొదటిసారి సరిపోయింది.
వెనక్కి చూస్తే కిటికీ కింద
ఆ బస్సు పెద్దాయన, మెడ ఎత్తి,
ఆయన రొట్టెలో సోంపు వేసేవాడా అని అడుగుతున్నాడు.
ఆవిడ చెబుతూ చెక్కుతోంది.
చెక్కు చుట్టలు చుట్టలుగా
ఆయన భుజం మీద పడుతోంది.